కొలతల ఆదివారం

టేపు పదకొండుంపావు దగ్గర కలిసింది.

టేపక్క కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది. ఎక్కడైనా మెలి పడిందేమోనని టేపు విప్పి, దులిపి, మనవరాలి జబ్బకు మళ్ళీ చుట్టింది. అదే పదకొండుంపావు. ఆరు నెలల కిందట ఇదే జబ్బ పది అంగుళాలు. పుస్తకంలో తన చేత్తో తనే రాసింది. పదిహేడేళ్ళ పిల్లకు ఆరు నెలల్లో అంగుళంపావు పెరగడం తిండివల్ల కాదు, వయసువల్ల కాదు. అది దేనివల్ల పెరుగుతుందో ఆ హాల్లో అందరికంటే బాగా తెలిసినది టేపక్కకే.

“ఏంటి అమ్మమ్మా, అన్నిసార్లు చుడుతున్నావు? నేనేమైనా పారిపోతానా?” అంది మనవరాలు పిచ్చుక. పెదాలు నవ్వుతున్నాయి గానీ కళ్ళు మాత్రం టేపు మీదే ఉన్నాయి.

“టేపక్కా, కాస్త తొందరగా కానీ! మా వంతు వచ్చేసరికి మేమూ పెరిగిపోయేలా ఉన్నాం” అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. అందరూ పకపక నవ్వారు.

ఆ జూడో హాలు పెట్టిన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ అది. ఆరు నెలలకోసారి, ఒక ఆదివారం, శిష్యులంతా వట్టికాళ్ళతో వరస కట్టి నిలబడతారు. టేపక్క ఒక్కొక్కరి జబ్బ, ఛాతీ, నడుము, తొడ కొలిచి పెద్ద అట్ట పుస్తకంలో ఎక్కిస్తుంది. ఆ కొలతల్ని బట్టే పోటీలకు వేసుకునే దళసరి తెల్లకోట్లు కుడుతుంది. ఆమె అసలు పేరేమిటో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. మెడలోంచి టేపు దిగిన క్షణం ఎవరూ చూడలేదు గనక చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపక్కే.

పుస్తకం పూర్తయ్యాక మాస్టారు దాన్ని పట్టుకెళ్ళి, టీ తాగుతూ పేజీ పేజీ చదువుతాడు. ఆయన చదివేది కోట్ల కోసం కాదు. ఎవరి కొలత ఉన్నట్టుండి పెరిగిందో, ఎవరు చాటుగా ఇనుము ఎత్తుతున్నారో పట్టుకోవడానికి.

మాస్టారు టేపక్కకు సొంత తమ్ముడు. మూడేళ్ళు చిన్న. ఆయనకు ఒకటే నమ్మకం. జూడో అంటే ఎదుటి మనిషి బలాన్ని ఆ మనిషి మీదికే తిప్పే విద్య. ఇనుము ఎత్తితే ఒళ్ళు కొయ్యలా బిగుసుకుంటుంది, ఒడుపు చచ్చిపోతుంది, మనసులో పొగరు పుడుతుంది. అందుకని హాల్లో ఒకటే కట్టుబాటు: బరువులు ముట్టినవాళ్ళు తమ బెల్టు తామే విప్పి, గుమ్మం పక్క గోడకున్న మేకుకు తగిలించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి.

ఆ గోడకు మూడు మేకులకు మూడు బెల్టులున్నాయి. ఒకటి బస్సు నడిపే అతనిది. ఒకటి కళ్ళ డాక్టరు కొడుకుది. మూడోది టేపక్క కూతురిది.

ఇరవై ఏళ్ళ కిందట, ఇలాంటి ఒక ఆదివారమే, కూతురి జబ్బకు టేపు చుట్టి ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసింది టేపక్క. కొలత అంటే కొలతే, అందులో దాచేదేముంది అనుకుంది. సాయంత్రానికల్లా మేనమామకూ మేనకోడలికీ మాటా మాటా పెరిగింది. ఆ పిల్ల బెల్టు విప్పి మేకుకు కొట్టినట్టుగా తగిలించి, అటునుంచి అటే బస్టాండుకు వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో బడిలో ఆటల టీచరయింది, పెళ్ళి చేసుకుంది, పిల్లను కంది. ఈ గుమ్మం మాత్రం తొక్కలేదు. టేపక్క ఇల్లు హాలుకు పైనే. అందుకని తల్లీ కూతుళ్ళు కలుసుకోవాలంటే బస్టాండులోనే. సిమెంటు బల్ల మీద గంటసేపు కూర్చోవడం, బస్సు కూత వినపడగానే లేచి నిలబడటం. వస్తున్నానని కూతురు చెప్పిన రోజు నుంచీ టేపక్కకు ఆ బస్సు కూతే చెవుల్లో మోగుతూ ఉండేది.

రెండేళ్ళ కిందట మనవరాలు కాలేజీ చదువుకని వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. హాల్లో చేరతానంటే వాళ్ళమ్మ వద్దనలేదట. “పడటం ఎలాగో మామయ్యలా ఇంకెవరూ నేర్పలేరు, వెళ్ళు” అందట.

ఇప్పుడు టేపు పదకొండుంపావు అంటోంది.

టేపక్క పెన్సిలు తీసింది. పిచ్చుక పేరుకెదురుగా ‘పది’ అని రాసింది.

నలభై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. రాసిన వేలు కాలినట్టయింది.

చివర్లో మాస్టారి వంతు. ఆనవాయితీ ప్రకారం ఆయన కూడా కొలిపించుకోవాలి. టేపు పట్టుకుని దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి ఊపేశాడు. “నాది ఎందుకులే అక్కా, పోయినసారి రాసిందే రాసెయ్. ముసలి చెట్టుకు కొత్త చిగుళ్ళు వస్తాయా?”

ఆమె అదే రాసేసింది. తన అబద్ధం బరువు మోస్తున్న మనిషికి ఎదుటివాళ్ళ మాట తేడాగా తోచలేదు.

* * *

మేడ మీదికి వెళ్ళి తలుపు వేయగానే టేపక్క మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“నిజం చెప్పు. ఇనుము ముట్టుకున్నావా?”

“ముట్టుకోలేదు” అంది పిచ్చుక. ఒక్క క్షణం ఆగి, “ఎత్తాను” అంది.

టేపక్క కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూలబడింది. “ఎక్కడ?”

“బస్టాండు వెనక, అచ్చాపీసు పక్కన ఒక గది ఉంది. కోచమ్మ అని ఒకావిడ నడుపుతుంది. ఇదివరకు ఆసుపత్రిలో విరిగిన కాళ్ళూ చేతుల వాళ్ళకు కసరత్తు చేయించేదట. పొద్దున్నే పరుగుకు వెళ్తున్నానని చెప్తానే, అక్కడికే.”

“ఎందుకే? నీకేం తక్కువైందని? మీ అమ్మ సంగతి తెలిసి కూడా!”

పిచ్చుక కింద కూర్చుని, ప్యాంటు పైకి లాగి ఎడమ మోకాలు చూపించింది. “ఇది గుర్తుందా? పోయిన ఏడాది పక్కకు జారిపోయి నెల రోజులు మంచంలో ఉన్నాను. మాస్టారు ఓర్చుకోమన్నారు. ఓర్చుకున్నాను. కానీ ఎవరు నన్ను ఎత్తినా, కింద పడేలోపు నాకు ఒకటే ఆలోచన. మోకాలు ఉంటుందా, పోతుందా? భయంతో ఒళ్ళు ముందే బిగుసుకుపోయేది. బిగుసుకుపోతే ఇంకా గట్టిగా దెబ్బ తగిలేది. పోటీ ఉందంటే వారం ముందు నుంచీ నిద్ర లేదు. ఆటకు ముందు బాత్రూమ్‌లో వాంతి చేసుకునేదాన్ని. నీకు చెప్పలేదు.”

“అయ్యో! నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే నువ్వు కూడా నాతో పాటు వాంతి చేసుకుంటావని” అంది పిచ్చుక. అమ్మమ్మకు నవ్వు రాకపోయేసరికి తనే మెల్లగా చెప్పుకొచ్చింది. “కోచమ్మ మొదటి నెల బరువే ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి కూర్చోమంది, అంతే. తర్వాత చీపురుకర్ర. తర్వాత చిన్న ఇనుపకడ్డీ. తొడలో కండ గట్టిపడితే మోకాలికి కాపలా అంది. నిజమే అమ్మమ్మా, ఆరు నెలల్లో ఒక్కసారి కూడా జారలేదు. మూడో నిమిషానికి రొప్పేదాన్ని, ఇప్పుడు ఊపిరి సరిపోతోంది. అన్నింటికంటే...” అని ఆగింది.

“ఊఁ?”

“నిద్ర పడుతోంది. పోయిన నెల ఎత్తలేనిది ఇవాళ ఎత్తాననుకో, ఆ సంగతి నాకు తెలుసు కదా. ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. భయం పోలేదు గానీ, నా మీద పెత్తనం చేయడం మానేసింది.”

టేపక్క మనవరాలి ముఖంలోకి చూసింది. రెండేళ్ళ కిందట పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు ఈ పిల్ల గుమ్మంలో ముక్కుతూ మూలుగుతూ నిలబడింది. ఎండిన మెడ, సన్నటి కాళ్ళు. అందుకే హాల్లో పిచ్చుక అని పేరు పెట్టారు. ఇప్పుడు నేల మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆ తేడాను రోజూ చూస్తూనే, కొలిచేదాకా చూడనట్టే ఉండిపోయింది తను.

“మానెయ్యి తల్లీ” అంది అయినా. “నీ కాళ్ళు పట్టుకుంటాను. మాస్టారికి తెలిస్తే నాలుగో మేకు కొడతాడు. ఇంకొకరిని బస్టాండులో చూసుకునే ఓపిక నాకు లేదు.”

“నెలలో పోటీ ఉంది అమ్మమ్మా. అది అయిపోనీ” అంది పిచ్చుక. మానేస్తానని మాత్రం అనలేదు.

* * *

పిల్ల వినకపోతే ఆ కోచమ్మనే బతిమాలదామనుకుంది టేపక్క. మర్నాడు మధ్యాహ్నం, హాలు మూసి ఉండే వేళ చూసుకుని, బస్టాండు వెనక అచ్చాపీసు వెతుక్కుంటూ వెళ్ళింది. ఏం మాట్లాడాలో దారంతా గొణుక్కుంటూ నడిచింది. ‘అమ్మా, నువ్వూ ఒక ఆడదానివే...’ అని మొదలుపెట్టాలని అనుకుంది.

ఆ గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు, ఆ వెనకే ఒక ఆడగొంతు వినిపించాయి.

“ఇంకో రెండు. మొహం అలా పెట్టకండి, మీ శిష్యుల్లా భయపడే మనిషిని కాదు నేను.”

“నడుం పట్టేస్తోందమ్మా.”

“నడుం కాదు, బద్ధకం పట్టేస్తోంది. మోకాళ్ళు లోపలికి పోనివ్వకండి. ఊఁ, లేవండి.”

ఆ మగగొంతు టేపక్కకు బాగా తెలిసిందే. తలుపు సందులోంచి చూసింది.

మాస్టారు. పాత గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టి, గుండెలకు ఒక గుండ్రటి ఇనుప బరువు హత్తుకుని, చిన్న బల్ల మీదికి కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. చేతులు ఆయనవి కావేమో అన్నట్టున్నాయి. కండ తాడులా పేనుకుని ఉంది. చివరిసారి లేచి నిలబడి, బరువు కింద పెట్టి, ఎవరూ చూడటం లేదనుకున్న మనిషి నవ్వే నవ్వు నవ్వాడు. ఇరవై ఏళ్ళలో టేపక్క ఆ నవ్వు చూడలేదు.

“ఆరు నెలల కిందట పిల్లల ముందు మోకాళ్ళ మీద వంగి దండం పెడితే, నేలకు చెయ్యి ఆనించకుండా లేవలేకపోయేవాణ్ణి” అంటున్నాడు ఆయన. “ఇప్పుడు చెయ్యి ఆన్చక్కర్లేదు.”

“మరి మీ హాల్లో పిల్లలకు కూడా చెప్పొచ్చు కదా, మాస్టారూ?”

ఆయన ముఖం చప్పున మాడిపోయింది. తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు.

టేపక్క వచ్చిన దారినే వెనుదిరిగింది. కాళ్ళు ఎటు పడుతున్నాయో తెలియలేదు. ఆరు నెలలుగా తమ్ముడు చులాగ్గా లేచి నిలబడుతుంటే, రోజూ సాయంత్రం తను మోకాళ్ళకు రాస్తున్న నూనె మహిమ అనుకుంది! ఇరుగుపొరుగు వాళ్ళకు కూడా ఆ నూనె సీసాలో పోసి పంచిపెట్టింది. తన కూతుర్ని గడప దాటించిన చేతులు ఆ ఇనుమునే గుండెలకు హత్తుకున్నాయి. పొద్దున ఆరింటికి మనవరాలు, మధ్యాహ్నం మూడింటికి తమ్ముడు. ఒకే గది, ఒకే బరువులు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరి సంగతీ తనకు తెలుసు.

అడిగేద్దామని ఆ సాయంత్రం నాలుగుసార్లు మెట్లు దిగింది. నాలుగుసార్లూ మళ్ళీ ఎక్కింది. ఆ ఇంట్లో ఏ గొడవ మొదలైనా తలుపు మూసుకున్న చప్పుడుతోనే ఆగుతుంది. ఆ చప్పుడు ఇంకోసారి వినే ఓపిక ఆమెకు లేదు. నోరు కుట్టేసుకుని మిషను ముందు కూర్చుంది.

నెల రోజులు కోట్లు కుడుతూనే ఉంది. పక్కన పుస్తకం తెరిచి పెట్టుకోవడం, ఎదురుగా ఉన్న అంకె చూడటం, గుడ్డ మీద సుద్దతో గీయడం, కత్తిరించడం. నలభై ఏళ్ళ అలవాటు చేతుల్లోకి ఇంకిపోయి, మనసు ఎటు పోయినా పని నడుస్తూనే ఉండేది. పిచ్చుక కోటు కూడా అలాగే కత్తిరించింది. పుస్తకంలో పది అని ఉంది, పదికే కత్తిరించింది.

రాసిన అబద్ధం గుడ్డలోకి దిగిపోయిన సంగతి ఆమెకు తోచనే లేదు.

* * *

పోటీ జరిగే పెద్ద హాలు ఈలలతో, అరుపులతో హోరెత్తిపోతోంది. మ్యాట్ మీదికి వెళ్ళేముందు ఆటగాళ్ళందరూ ఒక బల్ల దగ్గర ఆగాలి. అక్కడ ఒక అధికారి చెయ్యి ముందుకు చాపమని, కోటు చేతిలోకి చెక్క కొలబద్ద దూర్చి చూస్తాడు. చెయ్యికీ గుడ్డకీ మధ్య తగినంత జాగా ఉండాలి. లేకపోతే ఎదుటివాళ్ళకు పట్టు దొరకదు, అది మోసం కిందికి వస్తుంది.

కొత్త కోటు తొడుక్కునేటప్పుడే పిచ్చుక అంది. “అమ్మమ్మా, కాస్త బిగువుగా ఉంది.” కొత్త గుడ్డ అలాగే ఉంటుందిలే అంది టేపక్క.

అధికారి కొలబద్ద దూర్చాడు. అది సగంలో ఆగిపోయింది. ఇంకోసారి తోశాడు. దిగలేదు.

“కుదరదు. చెయ్యి ఇరుకుగా ఉంది. వేరే కోటు వేసుకుని రా. అయిదు నిమిషాలే టైము.”

వెనకే ఉన్న మాస్టారు ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చాడు.

“మీ కొలబద్ద చూసుకోండి సార్. కుట్టింది మా అక్క. నలభై ఏళ్ళలో ఆవిడ కుట్టిన ఒక్క కోటు వెనక్కి తిరిగి రాలేదు. ఇదిగో, పుస్తకం తెచ్చాను. చూడండి, పది అంగుళాలు. ఆవిడ రాసిందంటే రాతి మీద గీసినట్టే.”

ప్రతి మాటా టేపక్క గుండెలో సూదిలా దిగింది. తిట్టినా బాగుండేది.

“పుస్తకం నాకెందుకు, చెయ్యి ఇక్కడే ఉందిగా?” అని అధికారి టేపక్క మెడలోని టేపు అడిగి తీసుకుని, పిచ్చుక కోటు చెయ్యి పైకి మడిచి, జబ్బకు చుట్టాడు. “పదకొండున్నర” అన్నాడు పైకి. “మీ పుస్తకం ఎవరిదో గానీ, ఈ అమ్మాయిది కాదు.”

మాస్టారు ఆ చేతి వంక చూశాడు. పుస్తకం వంక చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు. ఆయన నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

“నువ్వు...” అన్నాడు మాస్టారు అక్కతో.

“తర్వాత తిట్టు తమ్ముడూ” అంది టేపక్క. తన గొంతు అంత స్థిరంగా రావడం చూసి ఆమే విస్తుపోయింది. “ముందు కోటు విప్పవే.”

కుట్టు లోపల ఎప్పుడూ ఒకటిన్నర అంగుళం గుడ్డ మిగిల్చి మడత పెట్టడం ఆమె పద్ధతి. పిల్లలు పెరుగుతారు, గుడ్డ పెరగదు కదా అనేది. సంచీలోంచి బ్లేడు తీసి రెండు చేతుల కుట్లూ చరచరా కోసింది. దాచిన గుడ్డ బయటికి లాగి, దళసరి దారంతో పెద్ద పెద్ద కుట్లు వేసింది. సూది రెండుసార్లు వేలిలో దిగినా పట్టించుకోలేదు. రక్తం తెల్లగుడ్డకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని, ఒంటి చేత్తో ముడి వేసింది. ఆఖరి నిమిషంలో కొలబద్ద సాఫీగా లోపలికి జారింది.

ఎదురుగా వచ్చిన అమ్మాయి పిచ్చుక కంటే జానెడు పొడుగు. పోయిన ఏడాది ఈ అమ్మాయి చేతిలోనే పిచ్చుక రెండో నిమిషంలో వెల్లకిలా పడింది. ఈసారి పడలేదు. మూడో నిమిషం అయింది, నాలుగోది అయింది. గంట మోగింది. ఎవరూ గెలవలేదు గనక ఆట పొడిగించారు. పొడుగమ్మాయి నోటితో గాలి పీలుస్తోంది. పిచ్చుక పెదాలు మూసుకునే ఉన్నాయి. పట్టు వదల్లేదు, తోయలేదు, లాగలేదు. పొడుగమ్మాయి విసిగిపోయి బలమంతా ముందుకు వేసిన క్షణాన, పిచ్చుక మెల్లగా కిందికి జారి, తుంటి తిప్పి, ఆ బలాన్నే గాల్లోకి పంపేసింది. మ్యాట్ మీద దభీమని చప్పుడు.

మాస్టారు నలభై ఏళ్ళుగా నేర్పుతున్న ఎత్తు అది. అంత శుభ్రంగా వేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఇనుము పడితే చచ్చిపోతుందన్న ఒడుపు ఆయన కళ్ళముందే బతికి తిరుగుతోంది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తిన మనిషి వాటిని కలపకుండా అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయాడు.

* * *

దారిలో వ్యానులో గెలిచిన పతకం పిచ్చుక ఒళ్ళో పరాయి వస్తువులా పడి ఉంది.

హాలుకు చేరాక శిష్యులంతా అలవాటుగా వరసలో నిలబడ్డారు. ఏదో జరగబోతోందని అందరికీ తెలుసు. మాస్టారు గోడకు ఆనుకుని, నేల వంక చూస్తూ అన్నాడు. “కట్టుబాటు అందరికీ ఒకటే.”

పిచ్చుక తల ఊపింది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే టేపక్కను భయపెట్టింది. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళమ్మ కూడా ఏడవలేదు. పిల్ల వేళ్ళు బెల్టు ముడి మీదికి వెళ్ళాయి.

“ఆగు” అంది టేపక్క.

అందరూ తలలు తిప్పారు. ఆ హాల్లో టేపక్క గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఆమె మెడలోంచి టేపు తీసి చేతిలో పట్టుకుని తమ్ముడి దగ్గరికి నడిచింది.

“పుస్తకంలో ఒక అబద్ధం నాది. ఒప్పుకుంటున్నాను. రెండో అబద్ధం ఇంకా మిగిలి ఉంది. ‘పోయినసారి రాసిందే రాసెయ్’ అన్నావు గుర్తుందా? చెయ్యి చాపు తమ్ముడూ.”

మాస్టారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. “అక్కా...”

“అచ్చాపీసు పక్క గది తలుపు సరిగ్గా పడదురా” అంది టేపక్క మెల్లగా, ఆయనకు మాత్రమే వినపడేలా.

ఆయన కాదనొచ్చు. చెయ్యి ఊపేసి, నడవండి ఇళ్ళకు అనొచ్చు. అక్కాతమ్ముళ్ళ బంధం కూడా ఈ పూటతో సరి అనుకుంది టేపక్క. కానీ ఆయన చాలాసేపు ఆ మూడు మేకుల వంక చూసి, కోటు చెయ్యి మెల్లగా పైకి లాక్కుని, చెయ్యి చాపాడు.

టేపు చుట్టింది. అందరికీ వినపడేలా చదివింది. “పోయినసారి పదకొండు. ఇప్పుడు పన్నెండుంపావు.”

వరసలో ఒకరి చేతిలోంచి నీళ్ళ సీసా జారి దొర్లుకుంటూ వెళ్ళింది. ఎవరూ దాన్ని ఆపలేదు. “మాస్టారూ, మీరా?” అన్న మాట ఎవరి నోట్లోంచో ఊడిపడింది. పిచ్చుక కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది. “మధ్యాహ్నం మూడింటికి వచ్చే పెద్దాయన అని కోచమ్మ చెప్పేది... బద్ధకం పెద్దాయన... అది మీరా!”

మాస్టారు పెదవి వంకరపోయింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

“లేవలేకపోయాను” అన్నాడు. “మీ ముందు పడిపోతానేమోనని సిగ్గేసి వెళ్ళాను. వెళ్ళిన నెలకే తెలిసిపోయింది, నేను చెప్పిందంతా తప్పని. లేచి నిలబడే ధైర్యం వచ్చింది గానీ, ఆ మాట చెప్పే ధైర్యం రాలేదు. తప్పని ఒప్పుకుంటే...” మేకుల వైపు చూపించాడు. “వీళ్ళ ముగ్గురికీ ఏం చెప్పను? అందుకని కట్టుబాటునే పట్టుకుని వేలాడాను.”

అని తన నల్లబెల్టు విప్పాడు. అంచులు అరిగి, లోపలి తెల్లదారం బయటపడ్డ బెల్టు. మేకులు మూడే ఉన్నాయి. మేనకోడలి బెల్టు ఉన్న మేకుకే, దాని మీద కాకుండా అడుగున ఉండేలా జాగ్రత్తగా తగిలించాడు. తర్వాత తలుపు వైపు తిరిగాడు.

వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అదే కట్టుబాటు.

ఒకరిని ఆపబోతే ఇంకొకరు పోతున్నారు! టేపక్క ఒక్క అంగలో వెళ్ళి, డెబ్బై ఏళ్ళు దాటిన ఒళ్ళు అడ్డంగా పెట్టి గుమ్మంలో నిలబడింది.

“ఈ గుమ్మంలోంచి నావాళ్ళు వెళ్ళిపోవడం చూసి చూసి నా కళ్ళు అరిగిపోయాయి. ఇక ఎవరూ కదలడానికి వీల్లేదు. వెళ్ళడం కాదురా, పిలవడం నేర్చుకో. ముందు అక్కడి నుంచి మొదలుపెట్టు.” ఫోనులో కూతురి నంబరు నొక్కి, స్పీకరు వేసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆ ఫోనును వేడిగిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. హాలంతా వినపడేలా అవతల మోగుతోంది.

“ఏంటమ్మా ఇంతసేపు చేశావు? పొద్దుటి నుంచీ ఫోను చేతిలోనే పెట్టుకు కూర్చున్నాను. పిల్ల ఎలా ఆడింది? పడిందా?”

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “పడలేదమ్మా. గెలిచింది. నేను... మామయ్యని.”

అవతల చప్పుడు లేదు. పెట్టేసిందేమోనని టేపక్క కళ్ళు మూసుకుంది.

“బరువులు ఎత్తి గెలిచింది” అన్నాడు ఆయన. “నేనూ ఎత్తుతున్నాను. ఆరు నెలలైంది. అప్పుడు నువ్వు చెప్పింది నిజం. నీ బెల్టు ఇంకా ఇక్కడే ఉంది. వచ్చి తీసుకుంటావా?”

తర్వాత ఇరవై ఏళ్ళ కిందటి గొంతు, కాస్త బొంగురుపోయి, వచ్చింది. “ఎన్ని కిలోలు ఎత్తుతున్నావు మామయ్యా?”

“పన్నెండు.”

“అంతేనా?” అంది ఆమె. అని ఏడ్చేసింది. ఏడుస్తూనే, “పొద్దున మొదటి బస్సుకు వస్తాను” అంది.

పిచ్చుక ముడి వదులైన బెల్టు మళ్ళీ బిగించుకుంది. ఎవరో దొర్లిపోయిన నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టారు. టేపక్క పుస్తకం తెరిచి, ‘పది’ కొట్టేసి ఇవాళ్టి కొలత ‘పదకొండున్నర’ అని రాసింది. తమ్ముడి పేరుకెదురుగా ఉన్నది కూడా కొట్టేసి సరిచేసింది. పాత పేజీలు వెనక్కి తిప్పి, ఇరవై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న కూతురి వరస దగ్గర ఆగింది. పెన్సిలు ముందుకు పోలేదు. అది మనిషి వచ్చాక రాయాలి.

మర్నాడు తెల్లారకముందే బస్టాండుకు చేరింది. మెడలో టేపు అలాగే ఉంది. రెండు బస్సులు వచ్చాయి, పోయాయి. ఆ సిమెంటు బల్ల మీద కూర్చుని ఎన్నోసార్లు చెయ్యి ఊపింది గానీ, ఆ బల్ల దగ్గరి నుంచి ఎవరినైనా ఇంటికి తీసుకెళ్ళడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. బస్సు కూత వినపడగానే అలవాటుగా గుండె జారిపోయింది. వెళ్ళిపోయేది కాదు, వచ్చేది అని తనకు తనే చెప్పుకుంటూ, బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.